కొండవాలుపై కొత్త ఇళ్లు, పాత రోడ్డు

కొండవాలు మీది నివాస ప్రాంతంలో వంద ఇళ్ల కొత్త ప్రాజెక్టుకు అనుమతి అడిగినప్పుడు మొదలయ్యే వాదన ఎక్కడైనా ఇంచుమించు ఒకే తీరుగా సాగుతుంది. నిర్మాణ సంస్థ తరఫున ఒక ట్రాఫిక్ అధ్యయన నివేదిక వస్తుంది. కొత్తగా వచ్చే వాహనాలను ఇప్పుడున్న రోడ్డు భరించగలదని, కింది కూడలిలో ఆలస్యం కొన్ని సెకన్లు మాత్రమే పెరుగుతుందని అందులో ఉంటుంది. అప్పటికే అక్కడ ఉంటున్నవారు మాత్రం ఫలానా మలుపులో ఎదురుగా వచ్చే బండి కనబడదని, పిల్లలు నడవడానికి రోడ్డు పక్కన జాగా లేదని, ఫైరింజన్ పైదాకా రాలేదని అంటారు. చాలా సందర్భాల్లో ఇద్దరి మాటా నిజమే. నివేదిక లెక్క కట్టింది రోడ్డు సామర్థ్యాన్ని, నివాసులు అడుగుతున్నది ప్రాణాల సంగతి. చదునైన నేల మీద ఈ రెండూ కొంతవరకు కలిసి నడుస్తాయి గాని, కొండ మీద రోడ్డు వాహనాలతో నిండిపోవడానికి చాలా ముందే దాని భద్రత అడుగంటుతుంది. అనుమతుల ప్రక్రియ ఈ తేడాను గుర్తించేలా లేకపోవడమే ఇక్కడి అసలు లోపం.

ముందుగా నివేదికల్లోని అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలి. ఒక ఇంటికి రోజుకు ఎన్ని వాహన ప్రయాణాలు జరుగుతాయన్న అంచనాకు చాలా దేశాల్లో ఆధారంగా తీసుకునేది అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీర్స్ ప్రచురించే గణాంకాలను. వాటి ప్రకారం విడిగా కట్టిన ఒక ఇంటికి రోజుకు సగటున 9 పైచిలుకు ప్రయాణాలు, సాయంత్రం రద్దీ గంటలో దాదాపు ఒకటి ఉంటాయి. వంద ఇళ్లంటే రోజుకు 940 దాకా, రద్దీ గంటలో 94 దాకా అన్నమాట. రద్దీ గంటలో ఒక దిశలోనే వంద కొత్త ప్రయాణాలు వచ్చేటట్లయితే పూర్తి స్థాయి అధ్యయనం చేయాలని అదే సంస్థ సాధారణ సూచనగా చెబుతుంది, స్థానికంగా వేరే పరిమితి లేనిచోట చాలామంది దాన్నే పాటిస్తారు. అంటే లోయ అంచున ఒంటరి రోడ్డు మీద ఆధారపడిన వంద ఇళ్ల ప్రాజెక్టు ఆ గీతకు కిందనే ఉండిపోయి, లోతైన పరిశీలన లేకుండా గట్టెక్కే వీలుంది. తర్వాత పక్క స్థలంలో 60 ఇళ్లు, మరో రెండేళ్లకు పైన ఇంకో 80 వచ్చినా ఏ ఒక్కటీ ఆ పరిమితిని దాటదు. మొత్తం భారం మాత్రం ఆ ఒక్క రోడ్డు మీదే పడుతుంది. పైగా ఈ సగటులు ఎక్కువగా చదునైన శివారు ప్రాంతాల్లో సేకరించినవి. ఏటవాలు ఎక్కువైనచోట నడకా సైకిలూ తగ్గిపోతాయి, బస్సు సాధారణంగా కొండ కిందే ఆగిపోతుంది, చిన్న పనికి కూడా బండి తీయక తప్పదు.

అయినా అసలు చిక్కు వాహనాల సంఖ్యలో లేదు, ఒక్కొక్క వాహనం ఆగడానికి పట్టే దూరంలో ఉంది. రోడ్ల రూపకల్పనలో డ్రైవరు అపాయాన్ని గమనించి బ్రేకు మీద కాలు వేయడానికి రెండున్నర సెకన్లు పడుతుందని లెక్క వేసుకుంటారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఈలోగా దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. ఆ తర్వాత చదునైన రోడ్డు మీద ఆగడానికి మరో 18 మీటర్లు కావాలి, మొత్తం 46. అదే వాహనం 12 శాతం వాలులో, అంటే ప్రతి వంద మీటర్లకు 12 మీటర్లు దిగే రోడ్డులో కిందికి వస్తుంటే, దాని బరువే దాన్ని ముందుకు నెడుతుంది కనుక మొత్తం దూరం 56 మీటర్లకు చేరుతుంది. పది మీటర్ల తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు, రోడ్డు దాటుతున్న మనిషికి అది చిన్నది కాదు. వాన పడి రోడ్డు జారుతున్నప్పుడు, టైర్లు అరిగినప్పుడు, కొండ మీద నుంచి కొట్టుకొచ్చిన గులకరాళ్లు తారు మీద పరుచుకున్నప్పుడు ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఆ 56 మీటర్ల మేర రోడ్డు డ్రైవరుకు కనబడుతుందా అన్నది ప్రశ్న. కొండ రోడ్డు మలుపు లోపలి అంచున సాధారణంగా తవ్విన మట్టికట్టో రిటైనింగ్ గోడో ఉంటుంది. మలుపు వ్యాసార్థం 50 మీటర్లనుకుందాం. 56 మీటర్ల ముందున్నదాన్ని చూడాలంటే, లోపలి వైపు లేను మధ్యగీత నుంచి కొండ వైపుకు దాదాపు ఏడున్నర మీటర్ల మేర చూపుకు అడ్డేమీ ఉండకూడదని రేఖాగణితం చెబుతుంది. గోడ 3 మీటర్ల దూరంలోనే ఉంటే కనబడేది 35 మీటర్లు మాత్రమే. అంత తక్కువ దూరంలో ఆగాలంటే 12 శాతం దిగుడులో వేగం గంటకు 30 కిలోమీటర్లకు లోపే ఉండాలి. ఇది రెండు లేన్ల రోడ్డు సంగతి. ఎదురెదురు వాహనాలు ఒకే వరుసలో వచ్చే ఇరుకు రోడ్డు మీద రెండూ ఆగాలి కనుక కనబడాల్సిన దూరం ఇంచుమించు రెండింతలవుతుంది. ఈ లెక్కలేవీ రహస్యం కావు, ఇంజనీరింగ్ విద్యార్థులు రెండో మూడో సంవత్సరంలోనే నేర్చుకునేవి. అయినా ట్రాఫిక్ నివేదికల్లో కూడలి ఆలస్యానికి పట్టికల మీద పట్టికలు ఉంటాయి గాని, కొండకు దారితీసే రోడ్డులో ప్రతి మలుపు దగ్గరా చూపు ఎంత దూరం అందుతుందో కొలిచిన ఒక్క పట్టిక కూడా లేకపోవడం మామూలైపోయింది. ప్రాజెక్టు గేటు ముందరి కొద్దిపాటి జాగాలో చూపు సరిపోతుందని నిరూపించి, అక్కడి నుంచి కొండ కిందిదాకా ఉన్న పాత రోడ్డును తమ పరిధిలోది కాదని వదిలేస్తారు. కొత్త ఇళ్ల వాహనాలన్నీ వెళ్లేది మాత్రం ఆ పాత రోడ్డు మీదుగానే.

కొండ రోడ్డు కింద ప్రధాన రోడ్డును కలిసే చోటుదీ ఇదే కథ. కూడలి దగ్గరకు వచ్చేసరికి వాలు 3 శాతానికి మించకుండా చూడాలని, తప్పనిసరైనా 6 శాతం దాటనివ్వవద్దని అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. పాత కొండ రోడ్లలో ఈ జాగ్రత్త తీసుకున్నవి తక్కువ. నిటారు దిగుడు చివర ఆగాల్సిన వాహనం తడి రోజున ఆగాల్సిన గీత దాటి ప్రధాన రోడ్డులోకి జారుతుంది. ఎక్కుడు ఎక్కుతూ వచ్చి కూడలిలో ఆగిన వాహనం మళ్లీ కదలడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఎదురు వాహనాలను దాటుకుంటూ అడ్డంగా తిరిగే కారుకు చదునైన చోట ఏడున్నర సెకన్ల ఖాళీ కావాలనుకుంటే, 10 శాతం ఎక్కుడులో దానికి మరో రెండు సెకన్లు కలపాలి. ప్రధాన రోడ్డు మీద వాహనాలు 50 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే దీనర్థం 104 మీటర్లకు బదులు 132 మీటర్ల దూరం కనబడాలని. అంత ఖాళీ దొరకక ఓపిక నశించిన డ్రైవరు చిన్న సందులోనే దూరతాడు. రద్దీ పెరిగేకొద్దీ ఖాళీలు తగ్గుతాయి కనుక, నివేదికలో కొన్ని సెకన్ల ఆలస్యంగా రాసినది రోడ్డు మీద తెగింపుగా మారుతుంది.

నడిచేవారి విషయం ఇంకా బాధాకరమైనది. కొండ రోడ్డులో ఒక పక్క కట్టు, మరో పక్క లోయ ఉంటే ఫుట్‌పాత్‌కు చోటే మిగలదు. పిల్లలు బడి బస్సు కోసం, ఇళ్లలో పనిచేసేవారు కింది బస్టాపు నుంచి పైకి, వృద్ధులు సాయంత్రం నడకకు వాహనాలు తిరిగే తారు మీదే నడుస్తారు. 50 కిలోమీటర్ల వేగంతో గుద్దిన కారు కన్నా 65 కిలోమీటర్ల వేగంతో గుద్దిన కారు వల్ల పాదచారి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లు ఎక్కువని, సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దిగుడులో వేగం డ్రైవరు ప్రమేయం లేకుండానే పెరుగుతుంది. ప్రతి కొత్త వాహనమూ తెచ్చే ముప్పును మొదట మోసేది కారులో కూర్చున్నవారు కాదు, కాలినడకన వెళ్లేవారే. వంద ఇళ్లకు అనుమతి ఇస్తున్నప్పుడు ఆ ఇళ్లకు నడిచి వచ్చేవారు ఎందరు, ఎక్కడ నడుస్తారు అన్న ప్రశ్నకు నివేదికలో ఒక పేజీ అయినా ఉండాలి.

ఈ రోడ్డు మీద గత ఐదేళ్లలో పెద్ద ప్రమాదాలేవీ నమోదు కాలేదనే సమాధానం ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. వాహనాలు తక్కువగా తిరిగే రోడ్డు మీద ఐదేళ్ల రికార్డు చాలా చిన్న నమూనా, ప్రమాదం జరగకపోవడానికి రోడ్డు బాగుండటమే కారణం కానక్కరలేదు. మలుపు మలుపూ తెలిసిన పాత నివాసులు హారన్ కొట్టుకుంటూ, ఎదుటివాడికి దారి ఇచ్చుకుంటూ నెట్టుకొస్తూ ఉండవచ్చు. భయపడి తల్లిదండ్రులు పిల్లల్ని నడిచి పంపడం మానేసి ఉండవచ్చు. గోడకు రాసుకుపోయిన కార్లు, చివరి క్షణంలో తప్పిన ఢీలు పోలీసు లెక్కల్లోకి ఎక్కవు. కొత్తగా వచ్చే వంద కుటుంబాలకు, వారి ఇళ్లకు వచ్చే డెలివరీ బండ్లకు, బంధువులకు ఆ మలుపులు తెలియవు.

నిర్మాణ కాలం గురించి నివేదికలు తాత్కాలికమన్న ఒక్క మాటతో సరిపెడతాయి. కొండవాలు మీద ఇల్లు కట్టాలంటే ముందు కొండను తవ్వాలి. ఉదాహరణకు 20,000 ఘనపు మీటర్ల మట్టి తీయాల్సి వస్తే, తవ్విన మట్టి గుల్లబారి నాలుగో వంతు పెరిగినా 25,000 ఘనపు మీటర్లవుతుంది. ఒక టిప్పరు 10 ఘనపు మీటర్లు మోస్తుందనుకుంటే 2,500 లోడ్లు, రానూ పోనూ 5,000 ప్రయాణాలు. వంద పనిదినాల్లో ముగించాలంటే రోజుకు 50, అంటే పది గంటల పనివేళల్లో ప్రతి 12 నిమిషాలకు ఒకటి చొప్పున ఆ ఇరుకు రోడ్డు మీద టిప్పరు తిరుగుతుంది. ఇంకా ఇందులో సిమెంటు, ఇనుము, కాంక్రీటు మిక్సర్లు కలపలేదు. ముప్పు సంఖ్యలోనే లేదు, బరువులో ఉంది. 25 టన్నుల టిప్పరు వంద మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి 70 లీటర్ల పైచిలుకు చల్లని నీటిని మరిగించడానికి సరిపోతుంది. తక్కువ గేరులో ఇంజను పట్టు మీద దిగితే దానిలో మంచి భాగం బ్రేకుల మీద పడదు. తొందరలో ఉన్న డ్రైవరు బ్రేకు తొక్కిపట్టి దిగితే డ్రమ్ములు వేడెక్కి, అత్యవసరంగా ఆపాల్సిన చివరి మలుపులో బ్రేకు పట్టదు. ఖాళీ బండ్లు పైకి, లోడు బండ్లు కిందికి వెళ్లడం ఈ పనిలో అనివార్యం కనుక, బరువు ఎప్పుడూ ప్రమాదకరమైన దిశలోనే కదులుతుంది. బడి వేళల్లో టిప్పర్లను నిలిపివేయడం, దిగుడులో వేగపరిమితి, మలుపుల దగ్గర జెండా మనుషులు, తవ్విన మట్టిని వీలైనంత వరకు అక్కడే గట్లు నింపడానికి వాడుకునేలా డిజైను మార్చడం అనుమతి పత్రంలోనే షరతులుగా ఉండాల్సినవి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, అందరూ ఒకేసారి కిందికి దిగాల్సి వస్తే ఏమవుతుందన్నది. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో చెలరేగిన మంటల్లో 25 మంది చనిపోయారు, మూడు వేలకు దగ్గరగా ఇళ్లు కాలిపోయాయి. ఇరుకైన వంకర రోడ్లలో కిందికి వెళ్లే వాహనాలు ఇరుక్కుపోయి, వాటికి ఎదురుగా పైకి రావాల్సిన ఫైరింజన్లకు దారి లేకుండా పోయింది. మృతుల్లో కొందరు ఆ రోడ్ల మీదే మంటలకు చిక్కారు. 2018 నవంబరులో అదే రాష్ట్రంలో కొండల మీదున్న ప్యారడైజ్ పట్టణం, దాని చుట్టుపక్కల ప్రాంతాలు కాలిపోయినప్పుడు 85 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పట్టణంలో ముందుగా వేసుకున్న ప్రణాళిక ఉంది. ఒక్కో జోన్‌ను వరుసగా ఖాళీ చేయించాలన్నది దాని లెక్క. మంటలు వచ్చిన వేగానికి ఊరంతా ఒకేసారి రోడ్డెక్కింది, ప్రణాళిక ఊహించని పరిస్థితి అదే.

రోజువారీ రద్దీ లెక్క ఇటువంటి సమయంలో ఎందుకూ పనికిరాదు. రద్దీ గంటలో ఇంటికి ఒక ప్రయాణం అని నివేదిక అనుకుంటుంది, ఖాళీ చేయాల్సిన వేళ ఇంటికి ఒకటిన్నర నుంచి రెండు వాహనాలు ఒకే దిశలో, కొన్ని నిమిషాల తేడాలో బయలుదేరుతాయి. 300 ఇళ్లున్న కొండకు ఒకే దారి ఉందని, పొగలో, గాబరాలో, కింది కూడలి దగ్గర అడ్డంకుల మధ్య ఆ దారిలో గంటకు 600 వాహనాలు మాత్రమే బయటపడగలవని అనుకుందాం. ఇంటికి ఒకటిన్నర వాహనం చొప్పున అందరూ దిగడానికి 45 నిమిషాలు పడుతుంది. మరో వంద ఇళ్లు చేరితే గంట అవుతుంది. ఆ అదనపు పావుగంట కొత్త ఇళ్లవారికే పరిమితం కాదు, వరుసలో వెనక ఉన్న ప్రతి ఒక్కరిదీ. ఒక చెట్టు కూలినా, ఒక కారు మలుపులో ఆగిపోయినా, వానాకాలంలో ఒక కొండచరియ విరిగిపడినా గంటకు 600 అన్న లెక్క కూడా సున్నా అవుతుంది. ఏకైక దారి ఉన్నచోట మరిన్ని ఇళ్లు కట్టడం ఇప్పటికే ఉన్నవారి ప్రాణరక్షణ సమయాన్ని తీసుకోవడమేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఈ కారణంగానే అమెరికాలో రూపొందించిన అంతర్జాతీయ ఫైర్ కోడ్ అనుబంధం, దాన్ని ఆమోదించిన చోట్ల, 30 ఇళ్లకు మించిన కాలనీకి ఫైరింజన్లు రాగల రెండు వేర్వేరు దారులు ఉండాలంటుంది. ఇళ్లన్నిటిలో నీటిని చిమ్మే స్ప్రింక్లర్లు పెడితే కొంత మినహాయింపు ఉంటుంది. ఆ మినహాయింపు ఇంట్లో పుట్టిన మంటకు సరిపోవచ్చు గాని కొండంతా అంటుకున్న మంటకు సరిపోదు. రెండు దారులు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలన్నది కూడా కోడ్ చెబుతుంది: స్థలం ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉండే అతి పొడవైన కర్ణంలో కనీసం సగం. దీన్ని గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ఒకే రోడ్డు మీదికి రెండు గేట్లు తెరిచి రెండు దారులున్నాయని చూపించడం అందరికీ తెలిసిన ఎత్తుగడ. ఫైరింజన్ దారికి 6 మీటర్ల పైచిలుకు వెడల్పు, 10 శాతానికి మించని వాలు కావాలని, చివర మూసుకుపోయిన దారి దాదాపు 45 మీటర్లు దాటితే వాహనం తిరగడానికి చోటు వదలాలని అదే అనుబంధం నిర్దేశిస్తుంది. కాలిఫోర్నియా 2019లో మరో అడుగు వేసి, ముప్పున్న ప్రాంతాల్లో కనీసం రెండు ఖాళీ చేసే మార్గాలు లేని నివాస ప్రాంతాలేవో నగర ప్రణాళికల్లో గుర్తించాలని చట్టం చేసింది. గుర్తించినంత మాత్రాన దారి పుట్టదు గాని, ఆ జాబితా ప్రజల ముందుంటే అక్కడ కొత్త అనుమతి ఇచ్చే అధికారి కారణం చెప్పాల్సి వస్తుంది.

వెడల్పు విషయంలో పాత నివాసుల బాధ్యతా ఉంది. 6.1 మీటర్ల రోడ్డుకు ఇరుపక్కలా రెండేసి మీటర్ల మేర కార్లు ఆపితే మధ్యలో మిగిలేది రెండు మీటర్ల పైచిలుకు. ఫైరింజన్ ఒంటి వెడల్పే దాదాపు రెండున్నర మీటర్లు, అద్దాలు కలిపితే ఇంకా ఎక్కువ. కొత్త ఇళ్లు రాకముందే ఆ దారి మూసుకుపోయి ఉందన్నమాట. ఇంటి ముందు రోడ్డు తమ గ్యారేజీలో భాగమనుకునేవారు భద్రత పేరుతో కొత్తవారిని అడ్డుకుంటే ఆ వాదనకు బలం ఉండదు. ఇళ్ల కొరత ఉన్న ప్రతిచోటా, పొరుగున మరొకరు రాకూడదన్న కోరికకు ట్రాఫిక్ అనే మాట సులువైన ముసుగుగా పనికొస్తున్న సంగతి కాదనలేనిది. అందుకే అభ్యంతరం చెప్పేవారు ఫలానా మలుపులో చూపు ఎన్ని మీటర్లు అందుతోంది, ఫలానా చోట వాలు ఎంత శాతం, రాత్రి పదింటికి రోడ్డు మీద ఎన్ని కార్లు ఆగి ఉన్నాయి అని టేపుతో కొలిచి, ఫొటోలతో చూపితే ఆ వాదన నిలబడుతుంది.

పరిష్కారాలుగా సులువుగా ముందుకొచ్చేవన్నీ కొండ మీద పనిచేయవు. మలుపులో పెట్టే కుంభాకార అద్దం ఎదుటి వాహనం ఉందని చెబుతుంది గాని అది ఎంత దూరంలో, ఎంత వేగంతో వస్తోందో సరిగ్గా చెప్పదు, పైగా మంచులో, రాత్రిపూట దాని ఉపయోగం మరీ తక్కువ. నిటారు దిగుడులో స్పీడు బ్రేకర్లు వేస్తే ద్విచక్ర వాహనాలు అదుపు తప్పుతాయి, ప్రతి బ్రేకరూ ఫైరింజన్‌నూ అంబులెన్సునూ కొన్ని సెకన్లు ఆపుతుంది. ఎక్కువ ఫలితం ఇచ్చేవి ఖర్చుతోనూ భూమితోనూ ముడిపడినవి: మలుపు లోపలి కట్టును వెనక్కి కోయడం, చూపు అందే దూరాల్లో వాహనాలు తప్పుకునే జాగాలు కట్టడం, ఒక పక్కనైనా తెగకుండా సాగే ఫుట్‌పాత్, లోయ వైపు గట్టి బారియర్, వాననీరు రోడ్డు మీదికి రాకుండా కాలువలు, మామూలు రోజుల్లో గేటు వేసి ఉంచినా ఆపదలో తెరుచుకునే రెండో దారి. ఇళ్లను కొండంతా చల్లినట్టు కాకుండా కింది భాగంలో దగ్గరగా కట్టి, పై వాలును వదిలేసే డిజైను రోడ్డు పొడవును, తవ్వకాన్ని, ముప్పును కలిపి తగ్గిస్తుంది. బ్రిటన్‌లో 1980లలో మొదలై తర్వాత అనేక దేశాలు అనుసరించిన రోడ్డు భద్రతా ఆడిట్ పద్ధతిలో, రోడ్డును రూపొందించిన బృందంతో సంబంధం లేని నిపుణులు పగలూ రాత్రీ అక్కడ తిరిగి లోపాలు రాసిస్తారు. కొండవాలు ప్రాజెక్టులకు, వాహనాల సంఖ్య ఎంత తక్కువైనా, ఈ ఆడిట్ తప్పనిసరి కావాలి. ఆ ఫీజును నిర్మాణ సంస్థే చెల్లించినా, ఆడిటరును ఎంపిక చేయాల్సింది మాత్రం స్థానిక పాలన సంస్థ.

ఇక మిగిలింది క్రమం. రెండో దారి తర్వాతి దశలో వేస్తామని, రోడ్డు వెడల్పుకు డబ్బు జమ చేశామని హామీలిచ్చి ఇళ్లు అమ్మేసిన తర్వాత ఆ దశ రాకపోవడం, జమ చేసిన డబ్బు భూసేకరణకు చాలకపోవడం తరచుగా జరిగేదే. అప్పటికి కుటుంబాలు కాపురానికి వచ్చేసి ఉంటాయి, వారిని ఖాళీ చేయించే అధికారం ఎవరికీ ఉండదు. కనుక షరతును పూర్తయ్యే ఇళ్ల సంఖ్యతో ముడిపెట్టాలి: మొదటి టిప్పరు ఎక్కకముందే మలుపుల సవరణ పూర్తికావాలి, 30 ఇళ్లు దాటకముందే రెండో దారి మీద ఫైరింజన్‌ను నిజంగా నడిపించి చూడాలి, ఫుట్‌పాత్ కింది బస్టాపుదాకా చేరేవరకు ఏ ఇంటికీ నివాస యోగ్యతా పత్రం ఇవ్వకూడదు.